గిటార్ గర్జించిన ఊరు

అందులో ఒక్క మాట లేదు. తిట్టు లేదు, బూతు లేదు, నినాదం లేదు. ఉన్నదల్లా రెండున్నర నిమిషాల గిటార్ మోత. అయినా అది వింటే కుర్రాళ్లు వీధుల్లో పడి కొట్టుకుంటారని భయపడి అమెరికాలో కొన్ని రేడియో స్టేషన్లు దాన్ని వెయ్యం పొమ్మన్నాయి. ఆ మోత పుట్టింది వర్జీనియా రాష్ట్రంలోని ఫ్రెడరిక్స్‌బర్గ్‌ అనే చిన్న ఊళ్లో. అక్కడికి వెళ్లొచ్చిన ముచ్చట ఇది.

‘‘వాడికి చెవుడొస్తుందని మీ అక్క బెంగ. ముందు నాకొచ్చేలా ఉందిరా!’’

అక్కయ్య వాళ్లింట్లో దిగిన మొదటిరోజే బావ అన్నమాట ఇది. వాళ్లుండేది ఆష్‌బర్న్‌లో. వాషింగ్టన్‌ నగరానికి గంట ప్రయాణం. సాయంత్రం వాకింగ్‌కి వెళ్తే నాలుగడుగులకో తెలుగు పలకరింపు. గోంగూర కట్టకీ కరివేపాకు రెమ్మకీ లోటు లేదు. లోటల్లా ఆ ఇంట్లో నిశ్శబ్దానికే!

కారణం మా మేనల్లుడు కిట్టు. పదహారేళ్లు. బేస్‌మెంట్‌లో వాడిదో ఎలక్ట్రిక్‌ గిటార్‌, దానికో యాంప్లిఫయర్‌. కాలికింద ఓ చిన్న ఇనప డబ్బా... దాన్ని పెడల్‌ అంటారట. మామూలుగా తీగ మీటితే ‘టింగ్‌’మంటుంది. ఆ పెడల్‌ నొక్కి మీటితే ‘ఘర్‌ర్‌ర్‌...’ అని గోడలు అదురుతాయి. వంటింట్లో గిన్నెలు వంతపాడతాయి.

బావది విజయనగరం. వాళ్లమ్మగారు, అంటే మా అక్కయ్య అత్తగారు, మహారాజా సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకున్నావిడ. కొడుకుని వయొలిన్‌ క్లాసుకి పంపాలని బావ ఎంతో ముచ్చటపడ్డాడు. వాడు రెండేళ్లు వెళ్లి మానేశాడు. ‘‘మా అమ్మ వింటే ఏటంటుంది? ఇది సంగీతమేటిరా? మిక్సీలో రాళ్లేసినట్టు!’’ అన్నది బావ వాదన. దానికితోడు ఆ టర్మ్‌లో కిట్టుకి మార్కులు తగ్గాయి. నవంబరు నెలాఖరుకల్లా గిటార్‌ అమ్మేయాల్సిందేనని తీర్మానం జరిగిపోయింది. అప్పట్నుంచీ తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. ఏం కావాలన్నా మా అక్కయ్యే రాయబారి.

మర్నాడు కిట్టు నన్ను బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లాడు. ‘‘మావయ్యా, నీకొకటి వినిపిస్తా. నవ్వకూడదు’’ అని ఫోన్లో ఏదో పెట్టాడు.

ముందు మూడు దెబ్బలు. ధన్‌... ధన్‌... ధాంమ్‌! తర్వాత ఖాళీ. వెనకాల డ్రమ్ము తొందరేం లేనట్టు నడుస్తోంది. మళ్లీ అవే మూడు దెబ్బలు. రాత్రిపూట సందు చివర్నుంచి ఎవరో మనవైపే నిదానంగా నడిచొస్తున్నట్టు ఉంది. పరిగెత్తుకొచ్చేవాడికంటే అలా నిదానంగా వచ్చేవాడిని చూస్తేనే కదా మనకి ఎక్కువ భయం! మధ్యలో తీగలు పైనుంచి కిందికి మెట్లు దిగినట్టు దిగాయి. చివరికొచ్చేసరికి ఆ శబ్దమే వణకడం మొదలెట్టింది. అంతే, అయిపోయింది.

నాకు ఒళ్లు జలదరించింది.

‘‘దీని పేరు రంబుల్‌. లింక్‌ రే అని... 1958లో వాయించాడు. అంటే మన తాతయ్యల టైమ్‌లో! దీన్ని రేడియోలో బ్యాన్‌ చేశారు మావయ్యా. ఇది పుట్టిన ఊరు ఇక్కడికి గంటన్నరే. డాడీని అడిగితే తీసుకెళ్లడు’’ అన్నాడు.

నాకక్కడ డ్రైవింగ్‌ లైసెన్సు లేదు. కాబట్టి బావని బతిమాలాల్సొచ్చింది. గిటార్‌ మాటెత్తకుండా ‘‘అక్కడ అంతర్యుద్ధం జరిగిన చోటు చూడాలని ఉంది బావా’’ అన్నాను. చరిత్రంటే బావకి ప్రాణం. శనివారం పొద్దున్నే కారు తీశాడు.

రాళ్లన్నీ మాట్లాడే ఊరు

అమెరికా తూర్పుతీరం పొడవునా ఓ రహదారి ఉంది. ఉత్తరాన మెయిన్‌ రాష్ట్రం నుంచి దక్షిణాన ఫ్లోరిడాలోని మయామీ దాకా... ఇంటర్‌స్టేట్‌ 95. దానిమీద వాషింగ్టన్‌కీ రిచ్‌మండ్‌కీ దాదాపు సరిగ్గా మధ్యలో తగుల్తుంది ఫ్రెడరిక్స్‌బర్గ్‌. అక్టోబరు కావడంతో దారికి రెండువైపులా చెట్లు ఎర్రగా, పసుప్పచ్చగా మెరిసిపోతున్నాయి. ముందు సీట్లో బావ, నేను. వెనక సీట్లో చెవులకి హెడ్‌ఫోన్స్‌ తగిలించుకుని కిట్టు.

ఊరు 1728లో వెలిసింది. పక్కనే రాపహానాక్‌ నది. నదికి అవతలి ఒడ్డున ఫెర్రీ ఫామ్‌... అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్‌ చిన్నతనంలో పెరిగిన చోటు. ‘‘నాన్నా, నేను అబద్ధం చెప్పను. చెర్రీ చెట్టు నేనే నరికాను’’ అన్న కథ చిన్నప్పుడు మనమూ విన్నాం కదా! ఆ కథ జరిగిందని చెప్పేది ఇక్కడే. ఆ తర్వాత ఎవరో అల్లిన కథే అయినా ఊరు మాత్రం దాన్ని వదులుకోలేదు.

కరోలిన్‌ స్ట్రీట్‌లో నడుస్తుంటే రెండు శతాబ్దాల నాటి ఇటుక ఇళ్లు, పాతసామాన్ల దుకాణాలు, కాఫీ వాసన. గోడగోడకీ ఏదో ఫలకం. ఈ ఇంట్లో ఫలానావారున్నారు, ఈ గోడలో ఫిరంగి గుండు దిగింది... ఇలా! విలియం, చార్లెస్‌ వీధులు కలిసే మూలలో చాలాకాలం ఓ రాతిదిమ్మ ఉండేది. బానిసల్ని దానిమీద నిలబెట్టి వేలం వేసేవారట. 2020 జూన్‌లో దాన్ని అక్కణ్నుంచి తీసి ఊరి మ్యూజియానికి తరలించారు.

అక్కణ్నుంచి మేరీస్‌ హైట్స్‌ గుట్టకి వెళ్లాం. 1862 డిసెంబరులో ఈ గుట్ట కింద రాతిగోడ చాటున దక్షిణాది సైనికులు తుపాకులు పట్టుకుని కూర్చున్నారు. ఉత్తరాది సైన్యం బయలులో దండులు దండులుగా వాళ్లమీదికి నడిచింది. ఒక్క దండూ ఆ గోడ దాటలేకపోయింది. ఆ యుద్ధం మొత్తంలో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, జాడ తెలియనివాళ్లు కలిపి ఉత్తరాదివైపు 12 వేల 600 మందికి పైనే. దక్షిణాదివైపు 5 వేలు దాటారు. ఇప్పుడా గుట్టమీద సైనికుల శ్మశానం ఉంది. 15 వేల మందికి పైగా ఖననమైన ఆ చోట 12 వేల మందికి పైగా ఎవరో తెలీదు. చిన్నరాయి, దానిమీద రెండంకెలు. పైది సమాధి నంబరు. కిందిది అందులో ఎందరున్నారన్న లెక్క. బావ టోపీ తీసేసి చాలాసేపు అలానే నిలబడిపోయాడు.

కిట్టు మాత్రం ఏదో వెతుకుతున్నట్టు దిక్కులు చూస్తున్నాడు. ‘‘ఏరా?’’ అంటే, ‘‘ఇన్ని బోర్డులున్నాయి కదా మావయ్యా... లింక్‌ రే పేరు ఎక్కడా లేదే!’’ అన్నాడు.

నిజమే. పొద్దుట్నుంచీ మేం నడిచిన దారిలో ఎక్కడా ఆ పేరు కనిపించలేదు. యుద్ధానికి రాళ్లుంటాయి. పాటకేముంటాయి?

ఆ రాత్రి ఏం జరిగింది?

ప్రిన్సెస్‌ ఆన్‌ స్ట్రీట్‌లో కార్ల్స్‌ అని ఓ పాత ఐస్‌క్రీమ్‌ కొట్టుంది. 1947 నుంచి ఉన్న కొట్టు. కిటికీ దగ్గర వరసలో నిలబడి కోన్‌ తీసుకోవాలి. తలా ఒకటి పట్టుకుని కారుకి ఆనుకుని నిల్చున్నాం. 1958 నాటి కుర్రాళ్లు కూడా ఇలాగే నిలబడి ఉంటారు కదా అనిపించింది. ‘‘సరే, నీ లింక్‌ రే కథేంటో చెప్పు’’ అన్నాను కిట్టుతో. బావ మొహం అటు తిప్పుకున్నాడు కానీ, అక్కణ్నుంచి కదల్లేదు.

1958 మొదట్లో ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో కుర్రకారు కోసం ఓ డ్యాన్సు రాత్రి పెట్టారు. అలాంటివాటిని అప్పట్లో ‘రికార్డ్‌ హాప్‌’ అనేవారు. నిర్వహించింది మిల్ట్‌ గ్రాంట్‌. వాషింగ్టన్‌ టీవీలో కుర్రాళ్ల డ్యాన్సు కార్యక్రమం నడిపి పేరు తెచ్చుకున్నాడాయన. ఆ రాత్రి వాయించడానికి వచ్చింది లింక్‌ రే బృందం. లింక్‌ గిటార్‌, తమ్ముడు డగ్‌ డ్రమ్స్‌, షార్టీ హార్టన్‌ బేస్‌. అన్న వెర్నన్‌ పాటగాడు.

అప్పుడు అమెరికా కుర్రకారుని ఊపేస్తున్న డ్యాన్సు ‘స్ట్రోల్‌’. అబ్బాయిలు ఓ వరస, అమ్మాయిలు ఓ వరస ఎదురెదురుగా నిలబడతారు. మధ్యలోంచి ఒక్కో జంటా తీరిగ్గా అడుగులేసుకుంటూ వెళ్తుంది. ‘‘ఒక స్ట్రోల్‌ వాయించండి’’ అన్నాడు గ్రాంట్‌. లింక్‌కి అలాంటి బాణీ ఒక్కటీ రాదు! ఆ నడక తెలిసిన డగ్‌ డ్రమ్స్‌ మీద తాళం ఎత్తుకున్నాడు. దానికి తగ్గట్టు లింక్‌ అప్పటికప్పుడు తోచిన దెబ్బలు కొట్టుకుంటూ పోయాడు. పాడే మైకుని వెర్నన్‌ తీసుకెళ్లి గిటార్‌ యాంప్లిఫయర్‌ ముందు పెట్టేశాడు. అసలే చిన్న యాంప్లిఫయర్‌. దాన్ని ఎంత తిప్పగలిగితే అంత తిప్పేశారు. మోయలేని బరువెత్తిన ఎద్దులా అది రంకె వేసింది.

కుర్రాళ్లు వెర్రెత్తిపోయారు. మళ్లీ... మళ్లీ... అంటూ ఆ ఒక్క రాత్రే నాలుగుసార్లు వాయించుకున్నారు. పేరు కూడా లేని బాణీని!

పెన్సిలు చేసిన పని

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. రికార్డు చేద్దామని స్టూడియోకి వెళ్తే ఆ మోత రాలేదు. స్టూడియోలో అంతా శుభ్రంగా, పద్ధతిగా ఉంది. గిటార్‌ కూడా బుద్ధిమంతుడిలా మోగింది. ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో కుర్రాళ్లని పిచ్చెక్కించింది ఇది కాదుగా! అప్పుడు లింక్‌ ఓ పెన్సిలు తీసుకుని యాంప్లిఫయర్‌ స్పీకర్లలో ఉండే కాగితపు గరాటుకి చిల్లులు పొడిచాడట. ఆ తర్వాత మీటితే... వచ్చింది ఆ గొంతు!

స్పీకర్‌కి చిల్లుపడితే శబ్దం పాడవ్వాలి కదా? పాడైంది. కావాల్సిందీ అదే.

ఏ తీగ మీటినా మనం వినేది ఒక్క స్వరం కాదు. అసలు స్వరంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతల వేగంతో కంపించే పైస్వరాలూ సన్నగా ఉంటాయి. యాంప్లిఫయర్‌ని దాని శక్తికి మించి తిప్పితే శబ్దతరంగం కొసలు తెగిపోతాయి. అలా తెగినచోట కొత్త పైస్వరాలు బోలెడు పుట్టుకొస్తాయి. చిరిగిన కాగితం అంచులు కొట్టుకోవడం దానికి తోడు. నున్నటి శబ్దం కాస్తా గరుకుతేలుతుంది. చెవికి అది అరుపులా, గుర్రులా తోస్తుంది. మనిషైనా జంతువైనా కోపమొస్తే చేసేది అదే... గొంతుని దాని శక్తికి మించి తోయడం. ఆ బాణీ వింటే మాటల్లేకుండానే మనం జాగ్రత్త పడటం అందుకేనేమో!

నిజానికి గిటార్‌ గొంతు బొంగురుపోవడం అదే మొదటిసారి కాదు. 1951లో వచ్చిన ‘రాకెట్‌ 88’ పాటలో దారిలో దెబ్బతిన్న యాంప్లిఫయర్‌ వల్ల ఇలాంటి శబ్దమే వినిపిస్తుంది. కానీ అది ప్రమాదం. లింక్‌ది పట్టుదల. వినిపించిన దాన్ని మళ్లీ వినిపించడం కోసం చేతిలో ఉన్న వస్తువుని చేజేతులా పాడుచేసుకున్నాడు. 1962లో మాస్ట్రో ఫజ్‌టోన్‌ అని ఆ గరుకుని మీట నొక్కి తెప్పించే పెడల్‌ మార్కెట్లోకి వచ్చేసింది. కిట్టు కాలికింద ఉండే ఇనప డబ్బా ఆ కోవలోదే. ఆ పెన్సిలు చేసిన పని ఇప్పుడది చేస్తోంది.

ఇదంతా వింటున్న బావ ఉన్నట్టుండి అన్నాడు.

‘‘మా అమ్మ తంబురాకి దారం పెట్టేది.’’

కిట్టు తలెత్తి చూశాడు. నెల్రోజుల్లో తండ్రి వాడివైపు తిరిగి అన్న మొదటి మాట అది.

‘‘తంబురా తీగ ఉత్తినే మీటితే టక్కుమని ఆగిపోద్ది. తీగకీ కింద బ్రిడ్జికీ మధ్య సన్నటి నూలుదారం పెడతారు. దాన్ని అటూ ఇటూ జరిపి జరిపి ఒకచోటికి తెస్తే... జుంయ్‌మని మోగడం మొదలెడతాది. ఆ దారాన్ని ‘జీవ’ అంటారు. అది లేపోతే తంబురాకి ప్రాణం లేదనేది అమ్మ. చిన్నప్పుడు ఆ దారం సర్దే పని నాదే.’’

‘‘అంటే... అదీ బజ్‌ కోసమేనా డాడీ?’’

‘‘బజ్జో గిజ్జో... శబ్దానికి కొంచెం గరుకు ఉండాలి. అంతే!’’ అని బావ మళ్లీ ఐస్‌క్రీమ్‌లో పడిపోయాడు. ఇంకేం అనలేదు. తంబురా శ్రుతి మనసుని కుదురుగా కూర్చోబెడుతుంది. ఈ గిటార్‌ కుర్చీలోంచి లేపి నిలబెడుతుంది. రెండూ ఒకటి కావు. కానీ నున్నటి తీగకి చిన్న అడ్డం పెడితేనే ప్రాణమొస్తుందన్న రహస్యం రెండుచోట్లా ఒకటే!

ఎవరికి భయం?

ఆ రికార్డుని కేడెన్స్‌ అనే కంపెనీ యజమాని ఆర్చీ బ్లేయర్‌ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయనకి అస్సలు నచ్చలేదు. నచ్చింది ఆయన భార్య కూతురికి. ఇంట్లో పిల్ల ముచ్చట పడిందని విడుదల చేశాడు! ఆ మోత వింటే ఆ అమ్మాయికి ‘వెస్ట్‌ సైడ్‌ స్టోరీ’ నాటకంలో కుర్రాళ్ల ముఠాలు కొట్టుకునే ఘట్టం గుర్తొచ్చిందనీ, ‘రంబుల్‌’ పేరు అలా వచ్చిందనీ చెబుతారు. ముఠాల వీధిపోరాటాన్ని అప్పటి యాసలో రంబుల్‌ అనేవారు.

ఆ పేరే కొంప ముంచింది. న్యూయార్క్‌, బోస్టన్‌ లాంటి నగరాల్లో కొన్ని రేడియో స్టేషన్లు దాన్ని పక్కనపెట్టాయి. కుర్రాళ్లు చెడిపోతున్నారని దేశమంతా బెంగపడుతున్న రోజులవి. మాటలున్న పాటనైతే ఫలానా పదం బాగాలేదని అనొచ్చు. మాటల్లేని దాన్ని ఏమని తప్పుపడతారు? అయినా పట్టారు. అయితేనేం, 1958లో అది అమెరికా బిల్‌బోర్డ్‌ పట్టికలో 16వ స్థానం దాకా వెళ్లింది.

శబ్దాన్ని చూసి జడుసుకోవడంలో మనమూ తక్కువ తినలేదు. 1940లో ఆల్‌ ఇండియా రేడియో ఏకంగా హార్మోనియాన్నే బహిష్కరించింది. అది మన గమకాలు పలకలేని పరాయి వాద్యమని పెద్దల అభ్యంతరం. మూడు దశాబ్దాలు పోయాక, 1971లో గానీ ఆ పట్టు సడల్లేదు. నచ్చని శబ్దం చెవినపడితే ‘పిల్లలు పాడైపోతారు’, ‘సంప్రదాయం పోతుంది’ అని పెద్దలకి అనిపించడం ఏ దేశంలోనైనా ఒకటే.

కానీ వర్జీనియాలో ఆ ఏడాది భయాలు రేడియోతో ఆగలేదు. ఫ్రెడరిక్స్‌బర్గ్‌కి దక్షిణాన కొద్దిదూరంలో కరోలిన్‌ కౌంటీ ఉంది. 1958 జులైలో ఓ అర్ధరాత్రి అక్కడ పోలీసులు ఓ ఇంట్లోకి జొరబడి పడగ్గదిలో నిద్రపోతున్న భార్యాభర్తల్ని అరెస్టు చేశారు. వాళ్లు రిచర్డ్‌, మిల్‌డ్రెడ్‌ లవింగ్‌. చేసిన నేరం... అతను తెల్లవాడు, ఆమె కాదు. వేరే జాతివాళ్లు పెళ్లి చేసుకోకూడదని 1924 నాటి వర్జీనియా చట్టం. ఆ కేసులోనే 1967లో అమెరికా సుప్రీంకోర్టు అలాంటి చట్టాలన్నిటినీ కొట్టేసింది. 1958 సెప్టెంబరులోనే, తెల్లపిల్లల పక్కన నల్లపిల్లల్ని కూర్చోబెట్టాల్సి వస్తుందని వర్జీనియా ప్రభుత్వం కొన్ని బడులనే మూయించేసింది.

ఎవరికి ఎవరంటే భయం? ఈ ప్రశ్న వేసుకుంటే లింక్‌ రే గిటార్‌ వేరేగా వినిపిస్తుంది.

మంచం కింద పిల్లాడు

ఇదే ఇంటర్‌స్టేట్‌ 95 మీద దక్షిణంగా ఒక పూట ప్రయాణం చేస్తే నార్త్‌ కరోలైనాలో డన్‌ అనే ఊరొస్తుంది. లింక్‌ రే అక్కడే పుట్టాడు... 1929 మే 2న. అసలు పేరు ఫ్రెడ్‌ లింకన్‌ రే. పేద కుటుంబం. తమది షావ్నీ అనే అమెరికా ఆదివాసీ తెగ మూలమని అతను చెప్పుకునేవాడు. తెల్లముసుగులేసుకుని శిలువలు తగలబెట్టే కూక్లక్స్‌ క్లాన్‌ ముఠా వస్తోందంటే అమ్మ పిల్లల్ని మంచాల కింద దాచేదని ఇంటర్వ్యూల్లో గుర్తుచేసుకున్నాడు. నల్లవాళ్లకీ ఆదివాసీలకీ అప్పుడు పగలూ రాత్రీ అదే బతుకు.

ఎనిమిదేళ్ల వయసులో ఊరికొచ్చిన సర్కస్‌లోని ఓ నల్లజాతి సంగీతకారుడు లింక్‌కి గిటార్‌ నేర్పాడు. ‘హాంబోన్‌’ అని ఆయన పేరు చెప్పేవాడు. 1940ల్లో కుటుంబం పనికోసం వర్జీనియాలోని పోర్ట్స్‌మత్‌కి వలస వచ్చింది. తండ్రిది ఓడల కర్మాగారంలో పని. ఆదివాసీల్ని ఆదివాసీలని రాసుకోనివ్వకుండా ‘రంగువాళ్లు’ అని రిజిస్టర్లలో ఎక్కించే చట్టం నడుస్తున్న రాష్ట్రమది. పైన చెప్పిన 1924 నాటి చట్టమే!

తర్వాత లింక్‌ సైన్యంలో చేరాడు. క్షయ పట్టుకుంది. 1956లో డాక్టర్లు ఓ ఊపిరితిత్తి తీసేశారు. ఇక పాడలేవన్నారు. ఆ తర్వాత కాలంలో పాడటం పూర్తిగా మానలేదు కానీ, ఆ రోజుల్లో అతనికి మిగిలిన గొంతు గిటారే. ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో అది గర్జించేనాటికి అతనికి 28 ఏళ్లు.

ఇప్పుడు చెప్పండి... రేడియోవాళ్లకి ఆ మోతలో దాడిచేయడానికి వస్తున్నవాడు కనిపించాడు. నాకు మంచం కింద దాక్కున్న పిల్లాడు పెద్దవాడై బయటికొచ్చి వీధి మధ్యలో నిలబడటం కనిపిస్తోంది. అతను పరిగెత్తడు. అరవడు. మూడడుగులేసి ఆగుతాడు. మళ్లీ మూడడుగులు. భయపెట్టడం తెలిసినవాడి నడక కాదది... ఇక భయపడనని తేల్చుకున్నవాడి నడక!

కోళ్లగూడు నుంచి కోపెన్‌హాగన్‌ దాకా

‘రంబుల్‌’ తర్వాత లింక్‌ పేరు కొన్నాళ్లు మోగింది. 1959లో ‘రా హైడ్‌’, 1963లో ‘జాక్‌ ద రిప్పర్‌’ వచ్చాయి. అతని శబ్దాన్ని కాస్త సాఫు చేయాలని కంపెనీలు చూశాయి. అతనికది కిట్టలేదు. చివరికి మేరీల్యాండ్‌లోని ఆకోకీక్‌లో కుటుంబానికున్న పొలంలోనే, కోళ్లగూడుని స్టూడియోగా మార్చుకున్నాడు. 1971లో వచ్చిన ‘లింక్‌ రే’ ఆల్బమ్‌ రికార్డయింది ఆ కోళ్లగూట్లోనే. 1980ల్లో డెన్మార్క్‌ వెళ్లి స్థిరపడ్డాడు. 2005 నవంబరు 5న కోపెన్‌హాగన్‌లో కన్నుమూశాడు. సమాధి అక్కడి క్రిస్టియన్స్‌ చర్చిలో ఉంది.

అతను వెళ్లిపోయినా ఆ మోత ఆగలేదు. బ్రిటన్‌లో ‘ద హూ’ బృందం గిటారిస్టు పీట్‌ టౌన్‌షెండ్‌ తాను గిటార్‌ పట్టడానికి ఆ రికార్డే కారణమన్నాడు. లెడ్‌ జెప్‌లిన్‌ గిటారిస్టు జిమ్మీ పేజ్‌ 2008 నాటి డాక్యుమెంటరీ ‘ఇట్‌ మైట్‌ గెట్‌ లౌడ్‌’లో ఆ రికార్డు పెట్టుకుని చిన్నపిల్లాడిలా గాల్లో గిటార్‌ వాయిస్తూ కనిపిస్తాడు. 1964లో ‘ద కింక్స్‌’ బృందంలో డేవ్‌ డేవిస్‌ అయితే ఏకంగా బ్లేడుతో స్పీకర్‌ని చీరేశాడు. 1994లో ‘పల్ప్‌ ఫిక్షన్‌’ సినిమా కొత్తతరానికి ‘రంబుల్‌’ని వినిపించింది. 2017లో అమెరికా ఆదివాసీ సంగీతకారులమీద తీసిన డాక్యుమెంటరీకి పేరే ‘రంబుల్‌’. ఒకప్పుడు రేడియోలు వద్దన్న ఆ రెండున్నర నిమిషాల్నీ అమెరికా లైబ్రరీ ఆఫ్‌ కాంగ్రెస్‌ జాతి భద్రపరచుకోవాల్సిన శబ్దాల జాబితాలోకి చేర్చింది. 2023లో రాక్‌ అండ్‌ రోల్‌ హాల్‌ ఆఫ్‌ ఫేమ్‌ గౌరవించినప్పుడు, 79 ఏళ్ల జిమ్మీ పేజ్‌ వేదికెక్కి అదే బాణీ వాయించాడు.

అయితే ఆ రెండు గౌరవాలూ అతను పోయాకే. బతికున్నప్పుడు హాల్‌ ఆఫ్‌ ఫేమ్‌ గుమ్మం తొక్కలేదు.

ఇంకోసారి వెయ్యి!

తిరుగుప్రయాణంలో ఇంటర్‌స్టేట్‌ 95 మామూలుగానే కిక్కిరిసిపోయింది. కార్లు చీమల్లా కదులుతున్నాయి. పొద్దు గూకుతోంది. ఎవరమూ మాట్లాడుకోవడం లేదు. కిట్టు హెడ్‌ఫోన్స్‌ మెడలో వేలాడుతున్నాయి.

‘‘ఏదీ... ఏటా పాట? ఓసారి వెయ్యి’’ అన్నాడు బావ అద్దంలోంచి వెనక్కి చూస్తూ.

కిట్టు ఫోన్‌ని కారు స్పీకర్లకి కలిపాడు. ధన్‌... ధన్‌... ధాంమ్‌! బావ మొహం నేను పక్కనుంచి చూస్తూనే ఉన్నాను. మొదట కనుబొమలు ముడిపడ్డాయి. మెట్లుదిగే చోట స్టీరింగ్‌ మీద వేలు కదిలింది. చివర్లో శబ్దం వణుకుతూ వణుకుతూ ఆగిపోయింది.

కాసేపు నిశ్శబ్దం.

‘‘ఇంకోసారి వెయ్యి.’’

అలా ఎన్నిసార్లు వేయించాడో నేను లెక్కపెట్టలేదు. నచ్చిందని మాత్రం అనలేదు. ‘‘ఇది సంగీతమో కాదో నాకు తెలీదు గానీ... వీడెవడో అబద్ధం ఆడ్డం లేదురా!’’ అన్నాడంతే.

గిటార్‌ అమ్మకం సంగతి ఏమైందని నేను అడగలేదు. అది తండ్రీకొడుకులు తేల్చుకోవాల్సిన లెక్క. మర్నాడు పొద్దున బేస్‌మెంట్‌లోంచి ‘ఘర్‌ర్‌’ మొదలవగానే బావ మెట్లమీదికెళ్లి నిలబడటం చూశాను. ఆపమంటాడనుకున్నాను.

‘‘ఒరేయ్‌ కిట్టూ! స్పీకర్‌కి చిల్లులూ గిల్లులూ పెట్టావంటే కాళ్లు విరిచేస్తాను. మూడొందల డాలర్లది!’’ అని కేకేసి, పై మెట్టుమీద కూర్చుని కాఫీ తాగడం మొదలెట్టాడు.

మా అక్కయ్య మాత్రం ఇంట్లో ఉన్న పెన్సిళ్లన్నీ ఏరి అలమారాలో పెట్టి తాళం వేసేసింది!

వెళ్లాలంటే...

వాషింగ్టన్‌లోని యూనియన్‌ స్టేషన్‌ నుంచి ఫ్రెడరిక్స్‌బర్గ్‌కి ఆమ్‌ట్రాక్‌ రైళ్లున్నాయి. వర్జీనియా రైల్వే ఎక్స్‌ప్రెస్‌ లోకల్‌ రైళ్లు ఉద్యోగుల కోసం పనిదినాల్లో నడుస్తాయి. దాదాపు గంటన్నర ప్రయాణం. స్టేషన్‌ పాత ఊరి నడిబొడ్డునే ఉంది కాబట్టి దిగి నడుచుకుంటూ ఊరంతా చూడొచ్చు. కార్లో వెళ్లేవారు ఇంటర్‌స్టేట్‌ 95 మీద రద్దీని దృష్టిలో పెట్టుకుని పొద్దున్నే బయల్దేరడం మంచిది. చెట్లు రంగులు మార్చే అక్టోబరు మరీ బాగుంటుంది. దారిలో వినడానికి ఏం పెట్టుకోవాలో వేరే చెప్పక్కర్లేదుగా!